సున్నం కింద అద్దం ముక్క

ఎర్రవాగు వంతెన మీదికి రేపు పొద్దున ఆరింటికి లారీలు ఎక్కుతాయి. హైవే మీది పెద్ద వంతెనకు మరమ్మతు. నలభై అయిదు రోజుల పాటు వడ్ల లారీలు, కంకర టిప్పర్లు, సిమెంటు ట్రక్కులు అన్నీ ధర్మసాగర్ పక్కనుంచి పోయే ఈ చిన్న రోడ్డుకే మళ్లుతాయి. అంత బరువును ఈ వంతెన మోస్తుందని చెప్పింది మనిషి కాదు. తనిఖీ రిపోర్టులోని ఒక నంబరు. వందకు డెబ్బై ఎనిమిది. ఆరేళ్లుగా ఒక్క మార్కు తగ్గలేదు, ఒక్క మార్కు పెరగలేదు.

మూడు వారాల కింద డిప్యూటీ ఇంజినీరుగా ఈ సబ్‌డివిజన్‌కు తిరిగొచ్చిన పద్మలతకు ఆ నిలకడే అనుమానం తెచ్చింది. ఆరేళ్లలో మనిషికి కళ్లజోడు నంబరు మారుతుంది, వంతెనకు ఏమీ మారదా? నిన్న సాయంత్రం మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, మూడో ఖానాలో, అంటే స్తంభాల నడుమ మూడో ఖాళీలో, దూలం మీది సున్నాన్ని చాకుతో గీకింది. కింద ఏటవాలుగా పగులు బయటపడింది. పగులుకు అడ్డంగా ఎవరో అంటించిన వేలెడు అద్దం ముక్క. అది రెండుగా విరిగి ఉంది. పక్కన ఎర్ర రంగుతో ఒక తేదీ, 2017 జూన్ 14. దాని కింద ఒకే అక్షరం, 'స'.

అద్దం ముక్కను పగులు మీద ఎందుకు అంటిస్తారో రోడ్డు పని తెలిసిన ఎవరైనా చెబుతారు. కాంక్రీటు వెంట్రుకవాసి కదిలినా అద్దం విరుగుతుంది. అంటే పగులు పెరుగుతోందని ఎవరికో తెలుసు. తెలిసినవాడే దాని మీద సున్నం పూశాడు.

ఇవాళ మంగళవారం. టైము పన్నెండున్నర. జీపు ధర్మసాగర్ దాటి మట్టిబాటలోకి తిరిగింది.

"సమ్మన్న మీద గరం కాకుండ్రి మేడం," అన్నాడు డ్రైవర్ పాండురంగం, అద్దంలోంచి ఆమె ముఖం చూసి. "ముప్పై ఏండ్లు గ్యాంగ్‌ల చేసిండు. ఒక్కనాడు గూడ పని ఎగ్గొట్టంగ నేను సూడలే."

గుంతలు పూడ్చడం, మోరీల్లో పూడిక తీయడం, వంతెనలకు సున్నం వేయడం గ్యాంగ్‌మన్ల పని. ఆ గ్యాంగులో 'స' అక్షరంతో పేరున్నవాడు సమ్మయ్య ఒక్కడే. పద్మలత ఇక్కడ కొత్తగా అసిస్టెంట్ ఇంజినీరుగా, అంటే ఏఈగా, చేరినప్పుడు ఏ మోరీ ఎక్కడుందో వేలు పట్టి చూపించింది కూడా అతనే. అదే ఆమెకు మింగుడుపడడం లేదు. ఎవరు కప్పించారు? కంట్రాక్టరా, పై ఆఫీసరా? పాత నంబరు ఎట్లా తప్పిందో కారణం రాయనిదే కొత్త స్కోరు ఎక్కదు. ఆ పేరు ఇవాళ సాయంత్రంలోపు దొరికితే రేపటి లారీలు ఆగుతాయి.

సమ్మయ్య వాకిట్లో కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. రిటైరై మూడేళ్లయింది. జుట్టు పూర్తిగా నెరిసింది. జీపు చూసి లేవబోయాడు, ఆమెను చూసి అట్లాగే ఆగిపోయాడు. భార్య యాదవ్వ లోపల్నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

పద్మలత కూర్చోలేదు. ఫోనులో ఫొటో తెరిచి అతని ముందు పెట్టింది. విరిగిన అద్దం, ఎర్ర తేదీ.

సమ్మయ్య చేతిలో కంకిని మెల్లగా కుప్ప మీద పెట్టాడు.

"అద్దం నేనే పెట్టిన మేడం. సున్నం నేనే ఏసిన."

"ఎవరు వెయ్యమన్నరు?"

"ఎవ్వలు అనలే."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే అతను ముడుచుకుపోతాడని తెలుసు. రేపటి నుంచి రోజుకు ఎన్ని లారీలు ఆ దూలం మీదుగా పోతాయో చెప్పింది. వాటి వెనకే ఆటోల్లో మడికొండకు పనికి పోయే ఆడవాళ్ల సంగతి చెప్పింది. ఎవరి పేరైనా సరే, చెబితే చాలని అంది. సమ్మయ్య నేల చూపులు చూస్తూనే, ఆఫీసర్ వస్తున్నాడంటే వంతెనకు సున్నం వేయడం గ్యాంగులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనని చెప్పుకొచ్చాడు. చుట్టం వస్తే వాకిలి అలికినట్టు. పైన గోడలకు, కింద కంటికి ఆనే మేరకు దూలాలకు. తెల్లగా ఉంటే ఆఫీసర్ మెచ్చుకుంటాడు. ఆ సున్నమే పగులు మీద కూడా పడింది.

"పగులు ఉందని తెలిసీ పూసినవ్ కదా. ఏ ఆఫీసర్ వస్తుండని పూసినవ్?"

సమ్మయ్య కింద రాలిన గింజలు ఏరసాగాడు.

గడప మీద కూర్చున్న యాదవ్వ ఓపిక అయిపోయింది. "చెప్పరాదు. ఆరేండ్ల సంది నిద్రల గూడ అద్దం అద్దం అని కలవరిస్తవు. ఇంటామె కన్న ఆ బ్రిడ్జే ఎక్కువాయె నీకు. ఇంటికొచ్చి అడిగితే నోట్లె బెల్లం పెట్టుకున్నవా?"

సమ్మయ్య తలెత్తాడు.

"మీరే మేడం," అన్నాడు. "మీరు వస్తాండ్రనే ఏసిన."

వాకిట్లో కోడి ఒకటి మొక్కజొన్న గింజల్లోకి వచ్చింది. దాన్ని ఎవరూ తోలలేదు.

పద్మలతకు ఆ రోజు ముక్కలు ముక్కలుగా గుర్తొచ్చింది. 2018 ఆగస్టు. కొత్తగా వచ్చిన ట్యాబ్. ప్రతి వంతెనకూ వందకు మార్కులు వేయాలని ఆర్డరు. పైభాగానికి ఇన్ని, నీటి దారికి ఇన్ని, కింది దూలాలకు అన్నిటికన్నా ఎక్కువ. ఎర్రవాగు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు రోజు వాన పడింది. వాగు గట్టు జారుడుగా ఉంది. తనకు ఏడో నెల.

"కింద ఎట్లుంది సమ్మన్నా అని అడిగిన్రు," అన్నాడు సమ్మయ్య. "మంచిగ లేదంటే మీరు దిగుతరు. మీ సంగతి నాకు ఎరుకే. ఆ రాళ్ల మీద కాలు జారితే? అందుకే మంచిగనే ఉందన్న. ఫోను ఇయ్యుండ్రి, నేనే ఫొటోలు దీసుకొస్తనన్న. మొదటి ఖానల మూడు దిక్కులకెల్లి మూడు దీసిన. మూడు ఖానలయి అని చెప్పిన."

"తర్వాతన్నా చెప్పొచ్చు కదా."

"రేపు ఆఫీసుకు పొయ్యి చెప్పుదామనుకున్న. మీరు తెల్లారే దవాఖానల జేరిన్రు. బీపీ అన్నరు. ఆటెంక లీవు. ఆటెంక ట్రాన్స్‌ఫర్."

కూతురు నవ్యకు మొన్ననే ఆరేళ్లు నిండాయి. పద్మలత అప్పుడు కుర్చీలో కూర్చుంది. ట్యాబ్ తీసి ఆ ఏటి రిపోర్టు తెరిచింది. కిందికి జరిపింది. తనిఖీ చేసిన అధికారి పేరు ఉన్న గడిలో తన పేరే ఉంది. మూడు వారాలుగా ఆమె గ్రాఫు చూసింది, మార్కులు చూసింది, గత ఏడాది సంతకం ఎవరిదో చూసింది. అన్నిటికన్నా మొదటి సంతకం ఎవరిదో మాత్రం చూడలేదు. అది మంచి రోజుల్లో జరిగిన పని అనుకుంది. తన రోజుల్లో.

కింది దూలాలు: మంచి స్థితి. అప్పుడు గట్టు మీద నిలబడి, నడుం పట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి ఆమె నొక్కిన మాట అది.

తర్వాత వచ్చిన ఏఈకి చెప్పానన్నాడు సమ్మయ్య. ఆయన ట్యాబ్ చూసి, ఇంజినీరు మేడం డెబ్బై ఎనిమిది వేసింది, ఆమె కన్న నువ్వు పెద్ద ఇంజినీరువా అని నవ్వాడట. ఆ తర్వాతి ఆయనకూ చెప్పాడు. ఆయన మంచివాడే, విన్నాడు. కానీ పోయినేటికీ ఈ ఏటికీ పది మార్కుల కన్నా ఎక్కువ తేడా వస్తే మూడు పేజీల సంజాయిషీ రాయమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఆయన కింద నూట నలభై వంతెనలున్నాయి. పాత ఫొటోలే ఎక్కించాడు, పాత నంబరే వేశాడు. రిటైరయ్యాక సమ్మయ్య మాట వినే అవసరం కూడా ఎవరికీ లేకపోయింది.

"చెప్పుడు బందు జేసిన," అన్నాడు. "సూసుడు బందు జెయ్యలే."

అతను లోపలికి వెళ్లి ఒక జర్దా డబ్బా తెచ్చాడు. తుప్పు పట్టిన రేకు డబ్బా. మూత తీసి, యాదవ్వ పరిచిన గోనెసంచి మీద ఒక్కో పొట్లం పెట్టాడు. ప్రతి పొట్లంలో విరిగిన అద్దం ముక్క. పాత ఫొటోల ఫ్రేములోంచి కోసినవి. ప్రతి దానితో ఒక చీటీ, చీటీ మీద రెండు తేదీలు. అంటించిన రోజు, విరిగినట్టు చూసిన రోజు. మొదటిది మాత్రం ఇంకా దూలం మీదే ఉంది, డబ్బాలో దాని చీటీ ఒక్కటే. దాని మీద సున్నం వేసినందుకు తీయడానికి చేయి రాలేదన్నాడు. మిగిలినవి అదే పగులుకు వాగు ఎగువ దిక్కున పెట్టినవి.

పద్మలత చీటీలు వరసగా పేర్చింది. మొదటి అద్దం పద్నాలుగు నెలలు ఆగింది. రెండోది పదమూడు. మూడోది, నాలుగోది పన్నెండేసి నెలలు. ఆ తర్వాత పదకొండు, పది, తొమ్మిది. పోయిన ఎండాకాలం పెట్టింది నాలుగు. మొన్నటి వానల్లో పెట్టింది రెండు. దసరా తర్వాత పెట్టింది పదకొండు రోజులు.

ఆమె పుస్తకాల్లో చదివింది, ట్రైనింగుల్లో విన్నది, ప్రొజెక్టరు మీద చూసింది అంతా ఇదే కదా. ప్రభుత్వ ఆస్తిని కనిపెట్టుకుని ఉండు, కొలిచి చూడు, రాసిపెట్టు, మార్పు పట్టుకో. ఆఫీసు గ్రాఫులో ఎర్రవాగు గీత నిద్రపోతున్న మనిషిలా చదునుగా ఉంటుంది. ఈ డబ్బాలోని గీత మెట్లు దిగుతోంది. చివర్న మెట్లు కాదు, కిందికి దూకడమే.

"ఇప్పుడు దాని మీద అద్దం ఉందా?"

"మొన్న ఐతారం పెట్టిన. నిన్న పొద్దుగాల సూసిన, మంచిగనే ఉంది. ఇయ్యాల ఇంక పోలే."

ఆమె వాకిలి దాటి బాట మీదికి వెళ్లి తన పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) రమాకాంత్‌కు ఫోను చేసింది. వంతెనల సగటు స్కోరులో డివిజన్‌కు మొదటి స్థానం వచ్చినందుకు ఇచ్చిన షీల్డు ఆయన కుర్చీ వెనకే ఉంటుంది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన అడ్డు రాలేదు. ఆయన చెడ్డ ఇంజినీరు కాదు. పదకొండు రోజులంటే ఏమిటో ఆయనకు అర్థమైంది. వెంటనే స్కోరు మార్చమన్నాడు, నలభై కన్నా కిందికి పోతే డైవర్షన్ ఆర్డరు దానంతటదే రద్దవుతుందని, తాను రెండు నిమిషాల్లో ఆమోదిస్తానని అన్నాడు.

"కారణం గడిలో ఏం రాస్తవమ్మా?" అని అప్పుడు అడిగాడాయన.

"జరిగిందే రాస్త సార్. నేను కిందికి దిగకుండ మార్కులేసిన. తర్వాతోళ్లు అదే ఎక్కించిన్రు."

"అట్ల రాస్తే నేను సంతకం పెట్టలేను. ఆరేండ్లూ పైసంతకం నాదే." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గ్యాంగ్‌మన్ తప్పుడు ఫొటోలిచ్చిండని రాయి. అబద్ధం కాదు గదా. నువ్వు అప్పుడు ఏడో నెల, ఎవ్వలు నిన్ను అనరు. వంతెన బందైతది, జనం బతుకుతరు. ఇంకేం గావాలె నీకు?"

"సమ్మన్న మీద ఎంక్వయిరీ పడ్తది సార్. పింఛను ఆగుతది."

"ఒక్క మనిషి, పద్మలతా. ఆలోచించు. మూడింటి దాక చూస్త."

ఫోను పెట్టేశాక ఆమె వెనక్కి తిరిగితే సమ్మయ్య గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఫోనులోంచి వినిపించినంత విన్నాడు.

"రాయుండ్రి మేడం. ఫొటోలు దీసింది నేనే గదా. దాంట్ల అబద్ధమేముంది?"

యాదవ్వ పొట్లాలు ఒక్కొక్కటిగా డబ్బాలో సర్దుతోంది.

పద్మలత జీపులో కూర్చుని ట్యాబ్ ఒళ్లో పెట్టుకుంది. ఆయన చెప్పిన దాంట్లో తప్పు వెతికింది. సులువుగా దొరకలేదు. ఒక పింఛను ఒక పక్క, వంతెన మీది ప్రాణాలు ఒక పక్క. త్రాసు ఎటు మొగ్గుతుందో పిల్లలైనా చెబుతారు. సమ్మయ్యే ఒప్పుకుంటున్నాడు. ఇక ఎవరి కోసం ఈ పట్టుదల?

ఆమె ఎర్రవాగు ఉన్న సెక్షన్ జాబితా పైనుంచి కిందికి జరిపింది. నూట నలభై పేర్లు. డెబ్బై ఆరు, డెబ్బై ఆరు, డెబ్బై ఆరు. ఎనభై ఒకటి, ఎనభై ఒకటి. ఆరేళ్లుగా కదలని నంబర్లు. ఆ వంతెనల కింద జర్దా డబ్బాలు పెట్టుకున్న సమ్మయ్యలు లేరు. గ్యాంగ్‌మన్ మోసం చేశాడని రాస్తే ఎర్రవాగు ఒక్కటే తప్పు, మిగతావన్నీ రైటు. ఆఫీసరు కిందికి దిగలేదని రాస్తేనే అన్నిటి కిందికీ ఎవరో ఒకరు దిగాల్సి వస్తుంది. తేడా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

కొత్త స్కోరు: ముప్పై ఒకటి. కారణం గడిలో ఆమె తన పేరు రాసింది. తాను గట్టు మీదే నిలబడ్డానని రాసింది. ఆ తర్వాత ఆరేళ్లూ ఏ అధికారీ దిగలేదని, దిగి చూస్తూ వచ్చిన ఒకే ఒక్కడు గ్యాంగ్‌మన్ సమ్మయ్య అని, అతని అద్దాల తేదీలు జత చేస్తున్నానని రాసింది. పంపింది.

'పై అధికారి ఆమోదం కోసం వేచి ఉంది' అని వచ్చింది.

రమాకాంత్ ఫోను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. టైము రెండు నలభై.

"మేడం, బ్రిడ్జి కాడికి పోదాం," అన్నాడు సమ్మయ్య, చెప్పులు వేసుకుంటూ. "నా అద్దం సూడాలె."

ఎర్రవాగు దగ్గర రోడ్డు ఖాళీగా ఉంది. కొత్తగా పాతిన డైవర్షన్ బోర్డులు మెరుస్తున్నాయి. సమ్మయ్య గట్టు దిగి మూడో ఖానా వైపు నడిచాడు. ఆమె కూడా దిగబోయింది. అప్పుడే మలుపు అవతల హారన్ మోగింది.

వడ్ల బస్తాల లారీ. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక టిప్పర్లు.

పద్మలత వెనక్కి పరుగెత్తింది. ఆమె చెప్పకముందే పాండురంగం జీపును వంతెన మొదట్లో రోడ్డుకు అడ్డంగా తిప్పేశాడు. "ఈ జీపు ఎట్లనన్న స్క్రాపుకు పొయ్యేదే మేడం," అన్నాడు దిగుతూ. "గుద్దితే గుద్దనీ."

మొదటి లారీ డ్రైవర్ తల బయటపెట్టాడు. రేపు కదా అని ఆమె అడిగితే, హైవే మీద మధ్యాహ్నమే బంద్ చేసి అందరినీ ఇటే తోలుతున్నారని చెప్పాడు. వెనక మైలు పొడుగున బండ్లున్నాయని, పోలీసు జీపు కూడా వస్తోందని అన్నాడు.

"బ్రిడ్జి బందా మేడం? ఆర్డర్ ఉంటే సూపియ్యుండ్రి. మాకేం పంతం లేదు, ఆగుతం. లేకపోతే పోలీసోళ్లు మీ జీపు గుంజేస్తరు."

చేతిలో ట్యాబ్ మోగింది. ఎర్రవాగు వంతెన, స్కోరు ముప్పై ఒకటి. ఆమోదించబడింది.

ఆమె లారీ డ్రైవర్‌కు చూపించబోతూ, కింది వరస చదివింది. కారణం గడిలో ఆమె రాసిన మాటలు లేవు. 'గ్యాంగ్‌మన్ సమ్మయ్య తప్పుడు ఫొటోలు సమర్పించి తనిఖీ అధికారిని మోసగించినందున. సవరణ: ఈఈ.' దాని కింద రెండు బటన్లు. 'అంగీకరిస్తున్నాను' నొక్కితే ఆ కారణం కింద తన సంతకం పడి, ఆర్డరు ఈ క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. 'తిరస్కరిస్తున్నాను' నొక్కితే స్కోరు మళ్లీ డెబ్బై ఎనిమిదే.

వెనకనుంచి సైరన్ వినిపించింది. పోలీసు జీపు లారీల పక్కనుంచి ముందుకు వస్తోంది.

గట్టు కిందనుంచి సమ్మయ్య పైకెక్కి వచ్చాడు. పంచె తడిసి కాళ్లకు అంటుకుంది. కుడిచేయి ఆమె ముందు తెరిచాడు. అరచేతిలో అద్దం ముక్క, రెండుగా.

"నిన్న పొద్దుగాల మంచిగుండె," అన్నాడు.

ఇంకా ఒక్క లారీ కూడా వంతెన ఎక్కలేదు. పద్మలత బొటనవేలు తెర మీద, రెండు బటన్లకు నడుమ ఆగి ఉంది.